కాస్త అంటే ఎంత?

అంగుళం నోరెత్తితే గోడగడియారం ఉలిక్కిపడి ఐదు నిమిషాలు ముందుకెళ్తుందని ఆ వీధిలో పేరు. అబద్ధం అనుకునేవాళ్లు ఒక్కసారి ఆ ఇంటి ముందు నిలబడి చూడాల్సింది. ఆయన వడ్రంగి. ఏ చెక్కనైనా కొలతకన్నా అంగుళం ఎక్కువే కోస్తాడు. "ఎక్కువుంటే చెక్కుకోవచ్చు, తక్కువైతే కూర్చుని ఏడవాలి" అంటాడు. అలా 'అంగుళం' అన్న పేరు అతుక్కుపోయింది. అసలు పేరు పెళ్లాం కూడా మర్చిపోయింది, దాంతో పనిపడలేదు గనక.

ఆ పెళ్లాం టైలరమ్మ. ముందు గదిలో ఆవిడ కుట్టు షాపు, వెనక గదిలో ఈయన చెక్కపని. మధ్యలో గోడ, గోడకో కిటికీ. ముప్పై ఏళ్ల కాపురంలో సగం ఆ కిటికీలోంచే జరిగింది.

రెండేళ్ల కిందట అంగుళానికి చేతులు వణకడం మొదలైంది. ఉలి పట్టుకుంటే పువ్వు చెక్కబోయి పురుగు చెక్కేవాడు. ఓ నెల దిగులుగా కూర్చుని, ఆ తర్వాత కంప్యూటర్ చెప్పినట్టు చెక్కని చెక్కే మిషన్ గురించి ఎక్కడో విన్నాడు. విడిభాగాలు తెప్పించుకుని, ఎనిమిది నెలలు కూర్చుని బిగించాడు. మంచమంత మిషన్. దాని మీద అటూ ఇటూ నడిచే మోటారు, మోటారు కొసన పెన్సిల్ మొనంత కత్తి. అది తిరుగుతూ చెక్కలోంచి బాతు బొమ్మని బయటికి తీస్తుంటే, అంగుళం తన చేతులు తనకి తిరిగొచ్చినట్టే చూసుకునేవాడు.

చిక్కల్లా మొదలెట్టే చోటే. పని మొదలయ్యే ముందు కత్తి మొనని చెక్క మూల మీదకి జరపాలి. మధ్యలో కాగితం ముక్క పెట్టి, లాగితే కాగితం పట్టీ పట్టనట్టు పట్టేదాకా మొనని దించాలి. 'ఇదిగో, ఇదీ నీ సున్నా, ఇక్కణ్నించి లెక్కెట్టుకో' అని మిషన్‌కి చెప్పడమన్నమాట. ఆ జరపడం కంప్యూటర్ మీటలతో. కంప్యూటరేమో ముందు గదిలో, టైలరమ్మ కత్తిరింపు బల్ల మీద. వెనక గదిలో పెడితే రంపపు పొట్టు మింగి రెండు కంప్యూటర్లు చచ్చాయి మరి. రెండోదైతే పోయేముందు మూడుసార్లు దగ్గింది కూడా.

అందుకని ఈయన వెనక గదిలో నడుం వంచి, ఓ కన్ను మూసి, రెండో కన్ను కత్తి మొనకి ఆనించి కేకలేసేవాడు.

"కుడికి! కుడికి! ఇంకాస్త! చాల్చాలు!"

ఆవిడ నోట్లో గుండుసూదులు పెట్టుకుని, ఓ చేత్తో గుడ్డ పట్టుకుని, ఇంకో చేత్తో మీట నొక్కేది. కాస్త దించమంటే కత్తి చెక్కలోకి దిగబడేది. కాస్త జరపమంటే మూల దాటి పోయేది. ఇప్పటికి పద్నాలుగు బాతులయ్యాయి. ఒక్కదానికీ ముక్కు లేదు.

"నొక్కడం చేతకాదు" అనేవాడు ఈయన.

"చెప్పడం చేతకాదు" అనేది ఆవిడ.

ఇలా నడుస్తుండగా ఒక బుధవారం పొద్దున కాలేజీ ప్రిన్సిపాలమ్మ డ్రెస్సు కుట్టించుకోడానికొచ్చింది. పిల్లలు ఆవిడ చెప్పుల చప్పుడు వింటేనే పాఠాలు అప్పజెప్పేస్తారట, అలాంటి మనిషి. టైలరమ్మ ఓ చెయ్యి కంప్యూటర్ మీట మీదే ఉంచి, ఇంకో చేత్తో టేపు తీసి ఆవిడ మెడ దగ్గర పెట్టింది. మెడ ఎంత లోతుండాలని కళ్లతోనే అడగబోతోంది.

"కిందికి!" అంది గోడ వెనక నుంచి ఒక మగ గొంతు.

ప్రిన్సిపాలమ్మ కొయ్యబారిపోయింది.

"ఇంకా కిందికి! భయపడకు, దించు! నేను చూస్తున్నాగా!"

టైలరమ్మ నోట్లో సూదులు. ఆయన్ని ఆపుదామంటే నోరు పెగల్లేదు.

"ఇంకాస్త... ఇంకాస్త... ఆహా! అద్గదీ! అక్కడే ఉంచు!"

ప్రిన్సిపాలమ్మ వెళ్లిన స్పీడుకి మూడు దారపుండలు ఆవిడ వెనకాలే దొర్లుకుంటూ గేటుదాకా వెళ్లి, సిగ్గుపడి వెనక్కొచ్చాయి.

టైలరమ్మ ఒక్కో సూదీ నోట్లోంచి తీసి దిండుకి గుచ్చింది. ఆ గుచ్చడంలోనే తెలుస్తోంది ఎవర్ని గుచ్చుతోందో. వెనక గదిలోకొచ్చి నిలబడింది.

"మా తమ్ముడికి ఫోన్ చేశాను. ఆదివారం వ్యాను తెస్తాడు. మిషన్ పట్టుకుపోతాడు."

"వాడా! వాడికి మేకు కొట్టడం కూడా రాదే!"

"మేకు కొట్టడం రాకపోతే పోనీ, నోరు మూసుకోవడం వచ్చు."

"ఎనిమిది నెలలు బిగించానే దీన్ని. ఇది పోతే నా చేతులు..." అని ఆగిపోయాడు.

ఆవిడ ఆ చేతుల వంక చూసి, గొంతు కాస్త తగ్గించింది. అయితే ఆవిడ తగ్గింపు కూడా పక్కింటికి వినిపించేంత. "సరే. ఒకటి చెప్తా వినండి. మీరు నోరెత్తకుండా, నేను నా స్టూలు మీంచి లేవకుండా, ఆ కత్తిని ఆనించి చూపించండి. మిషన్ ఇంట్లోనే ఉంటుంది. లేదా వ్యానెక్కుతుంది. ఆదివారం దాకా టైము."

అంగుళం ఓ గంట మిషన్ పక్కన కూర్చుని, తర్వాత మెట్లెక్కాడు. పై వాటాలో లిఫ్టులు రిపేరు చేసే ఆవిడ ఉంటుంది. అందరూ లిఫ్టమ్మ అంటారు. పదకొండో అంతస్తులో మొండికేసిన లిఫ్టుని ఒకసారి ఉత్తి తిట్లతోనే కిందికి దింపిందని చెప్పుకుంటారు. అంగుళం సంగతంతా చెప్పాడు. ప్రిన్సిపాలమ్మ దగ్గరికొచ్చేసరికి ఆవిడ నవ్వలేక గోడ పట్టుకుంది.

"ఓస్, ఇంతేనా బాబాయ్! మేం లిఫ్టు నెత్తినెక్కి పనిచేసేటప్పుడు చేతిలో ఒక పెట్టె ఉంటుంది. దాంతోనే లిఫ్టుని పైకీ కిందకీ నడుపుతాం. అలాంటి చేతిపెట్టె ఒకటి మీ మిషన్‌కి చేద్దాం. కత్తి పక్కనే నిలబడి మీరే జరుపుకోవచ్చు. కేకలుండవు."

"నాలుగ్రోజుల్లో అవుతుందంటావా?"

"లిఫ్టులో మనుషులు ఇరుక్కుంటే నాలుగ్రోజులు ఆగుతామా? పదండి."

గురువారానికి సరుకంతా బల్ల మీదుంది. అరచేతిలో పట్టే ఒక చక్రం. తిప్పితే టిక్కు టిక్కుమంటుంది, చుట్టుకి వంద టిక్కులు. ఎటు జరగాలో చెప్పే మీట ఒకటి. ఎంత జరగాలో చెప్పే మీట ఇంకొకటి. అగ్గిపెట్టెంత బోర్డు. పాత టెలిఫోను నుంచి పీకిన మెలికల తీగ. అదైతే లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. చీమ కుట్టినా అన్నీ ఆపేసే ఎర్ర బటన్ ఒకటి. పెట్టె పక్కన ఇంకో నల్ల బటన్.

"ఈ నల్లదెందుకమ్మా?"

"అది నొక్కి పట్టుకుంటేనే చక్రం మాట మిషన్ వింటుంది. చెయ్యి తీస్తే వినదు. పెట్టె కిందపడి చక్రం దానంతటదే తిరిగిందనుకోండి, కత్తి మీ కాలు మీదకి రాకూడదు కదా."

మొదట అన్నిటినీ సబ్బుపెట్టెలో ఇరికించి చూశారు. చేతిలో ఇమడలేదు, జారిపోయింది. అంగుళం ఓ చెక్క తీసుకుని, బంకమట్టి ముద్దని గుప్పిట్లో గట్టిగా పిసికి, ఆ అచ్చు ప్రకారం పెట్టె తొలిచాడు. చేతులు వణికితే వణికాయి గానీ, పెట్టె మటుకు పాత స్నేహితుడు చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుంది.

లిఫ్టమ్మ కంప్యూటర్ ముందు కూర్చుంది. "బాబాయ్, చక్రం ఒక టిక్కు తిరిగితే కత్తి ఎంత జరగాలి?"

"కాస్త."

"కాస్త అంటే?"

"కాస్త అంటే కాస్తేనమ్మా. నువ్వు మరీ విడ్డూరం."

"కంప్యూటర్‌కి కాస్త తెలీదు బాబాయ్. అంకె కావాలి."

"ఇన్నాళ్లూ మీ పిన్ని నొక్కిందిగా, ఆవిణ్నడుగు ఎంత నొక్కేదో."

టైలరమ్మ బుధవారం నుంచి ఆయనతో మాట్లాడ్డం లేదు. లిఫ్టమ్మతో మాట్లాడుతుంది. అంగుళం జానెడు దూరంలో నిలబడి ఉన్నా సరే.

"అమ్మా, ఆయన్ని కాస్త పక్కకి జరగమను, వెలుగు అడ్డొస్తున్నాడు" అంది.

అంగుళం ఒక అర అడుగు జరిగాడు.

"కాస్త జరగమంటే అంతేనా జరగడం? గది దాటమను."

లిఫ్టమ్మ కళ్లు మెరిశాయి. "పిన్నీ, ఆగు ఆగు. 'కాస్త లోపలికి పట్టి కుట్టు' అంటే నువ్వెంత పట్టి కుడతావు? చూపించు."

టైలరమ్మ గుడ్డ అంచు మడిచింది. "ఇంత. ప్రపంచమంతా ఇంతే."

లిఫ్టమ్మ క్యాలిపర్ పెట్టి కొలిచింది. ఆరు మిల్లీమీటర్లు.

"బాబాయ్, 'కాస్త చెక్కు తీసెయ్' అంటే మీరెంత తీస్తారు?"

అంగుళం చెక్క మీద పెన్సిల్ గీత గీసి, ఆ గీత మాత్రం పోయేలా చిత్రిక పట్టాడు. "ఇంత. ఇంతకన్నా ఎక్కువ తీసేవాడు వడ్రంగే కాదు."

కొలిచింది. అర మిల్లీమీటరు.

ముగ్గురూ తలలు ఆనించి క్యాలిపర్ మీది అంకె మళ్లీ చదివారు.

"ఒకటికి పన్నెండింతలు!" అంది లిఫ్టమ్మ. "ఆయన గీతంత అడిగితే నువ్వు కుట్టంత నొక్కావు పిన్నీ."

"అంటే తప్పు నొక్కడంలోనూ లేదు, చెప్పడంలోనూ లేదు" అన్నాడు అంగుళం, తన నోటి నుంచి అలాంటి మాటొచ్చినందుకు తనే ఆశ్చర్యపోతూ. ఆపైన ఆయనకి ముప్పై ఏళ్లు గిర్రున తిరిగాయి. "ఇదిగో, అందుకేనా! కూరలో కాస్త ఉప్పు తగ్గించమంటే అసలు ఉప్పే లేకుండా పెట్టేదానివి!"

"ఆఁ! నేను కాస్త ఇల్లు సర్దండీ అని ఊరెళ్తే, మీరు చెంచా ఒకటి తీసి పక్కన పెట్టి, సర్దేశానన్నారు!"

"సర్దాను కదే కాస్త!"

"అదే నేననేది!"

అలా వాళ్లిద్దరూ మళ్లీ మాట్లాడుకోవడం మొదలెట్టారు. ఎంత మాట్లాడుకున్నారంటే టీ మూడుసార్లు కాచి మూడుసార్లూ మర్చిపోయారు. లిఫ్టమ్మ కూర్చుని పాత తగాదాలన్నీ పన్నెండుతో భాగించింది. ఒక్క తగాదా కూడా మిగల్లేదు. ఒక్కటి మిగిలిందంటారు, అది అత్తగారికి సంబంధించింది, దాన్ని ఏ అంకెతోనూ భాగించలేం.

"అయితే ఎవరి కాస్త పెట్టమంటారు?" అంది లిఫ్టమ్మ.

"నాదే. పెట్టె నాది."

"కంప్యూటర్ నా బల్ల మీదుంది."

రెండూ పెట్టారు. ఎంత జరగాలో చెప్పే మీటకి నాలుగు గుర్తులు. మొదటిది 'బాగా', అంటే టిక్కుకి పది మిల్లీమీటర్లు. రెండోది 'ఆవిడ కాస్త'. మూడోది 'ఆయన కాస్త'. నాలుగోది 'వెంట్రుకవాసి'. దానికి కొలత కావాలంటే వెంట్రుక కావాలి. అంగుళం నెత్తిన వెతికితే ఉపయోగం లేదు, అక్కడ పంట ఎప్పుడో కోతైపోయింది. టైలరమ్మ తల్లోంచి ఒకటి పీకారు. ఆవిడ "అబ్బా!" అన్న కేకకి వీధిలో నిలిపిన స్కూటర్లు రెండు స్టార్టయ్యాయి. కొలిస్తే మిల్లీమీటర్‌ని ఇరవై ముక్కలు చేసి ఒక ముక్క తీసుకున్నంత ఉంది. వేడి ఇనుప మొనతో ఆ నాలుగు మాటలూ చెక్క మీద కాల్చి రాశారు. కళ్లజోడు లేకపోయినా వేలితో తడిమితే తెలిసిపోతుంది.

శనివారం మధ్యాహ్నం మొదటిసారి నడిపారు. అంగుళం నల్ల బటన్ పట్టుకుని చక్రాన్ని ఉత్సాహంగా గిరగిరా తిప్పి ఆపాడు. చెయ్యి ఆగింది. మిషన్ ఆగలేదు. చక్రం చెప్పిన టిక్కులన్నీ ఒకదాని వెనక ఒకటి వరసకట్టి నిలబడి ఉన్నాయి గదా, ఒక్కటీ వదలకుండా అన్నీ వినుకుంటూ వెళ్లి, కత్తి బల్ల అంచుకి టకీమని కొట్టుకుని విరిగింది.

"ఇదేంటమ్మా! నేనాగినా ఇదాగదేం?"

"ముందు చెప్పినవన్నీ గుర్తుపెట్టుకుంది బాబాయ్. బటన్ మీద చెయ్యి తీసినా, చక్రం ఆగినా, మిగిలినవన్నీ మర్చిపోయేలా చెయ్యాలి." పొద్దుగూకేలోపు అలాగే చేసింది. అంగుళం కొత్త కత్తి బిగించి, మళ్లీ తిప్పి ఆపాడు. కత్తి టక్కున ఆగింది.

కిటికీలోంచి చూస్తున్న టైలరమ్మ అంది: "చెయ్యి తీయగానే పాతవన్నీ మర్చిపోతుందా? ఈ బటనేదో మనుషులక్కూడా ఉంటే నా కాపురం ఎంత హాయిగా సాగేది!"

ఆదివారం పది గంటలకి వ్యాను వచ్చింది. బావమరిది దిగాడు. రెండు తాళ్లు, నాలుగు గోనెపట్టాలు, మొహం నిండా నవ్వు.

"ఏం బావా, మిషన్ తుడిచి పెట్టావా? నా వరండాలో చోటు ఖాళీ చేశాను."

"ముందు చూడరా, తర్వాత నవ్వు" అన్నాడు అంగుళం.

టైలరమ్మ స్టూలు తెచ్చి వెనక గది గుమ్మంలో వేసుకుని కూర్చుంది. "నేను లేవను. ఆయన నోరెత్తడు. అంతే పందెం."

"అక్కా, చెక్క మీద ఆనించడం ఎవడైనా చేస్తాడు. చెక్క గట్టిగా ఉంటుంది, తగిలితే ఆగుతుంది" అంటూ బావమరిది వంటింట్లోకెళ్లి కోడిగుడ్డు పట్టుకొచ్చాడు. బంకమట్టిలో నిలబెట్టి బల్ల మధ్యలో పెట్టాడు. దాని నెత్తిన కాగితం ముక్క పెట్టాడు. "కత్తి మొన ఆనాలి, కాగితం పట్టాలి, గుడ్డు పగలకూడదు. పగిలితే వ్యానెక్కిస్తా."

అంగుళం పెళ్లాం వంక చూశాడు. ఆవిడ తలూపింది.

నోరు మూశాడు. పుట్టాక అదే మొదటిసారి కావడంతో ఎలా మూయాలో తెలీక పెదాలు లోపలికి మడిచి పళ్లతో పట్టుకున్నాడు. 'బాగా' మీద పెట్టి చక్రం తిప్పాడు. టిక్కు, టిక్కు, టిక్కు. కత్తి గుడ్డు పైకొచ్చింది. 'ఆవిడ కాస్త'. రెండు టిక్కులు దింపాడు.

"బావా, నీ బాతుల ముక్కులు దొరికాయా?" అన్నాడు బావమరిది.

అంగుళం చెవులు ఎర్రబడ్డాయి. మాట్లాడలేదు. 'ఆయన కాస్త'. టిక్కు. టిక్కు.

"మా మేనత్త కళ్లు మూసుకుని ఇంతకన్నా బాగా చేస్తుంది బావా. ఆవిడ పోయి పదేళ్లయింది."

ఆపుకున్న మాటలతో అంగుళం బుగ్గలు రెండు బూరెల్లా ఉబ్బాయి. లిఫ్టమ్మ ఎందుకైనా మంచిదని రెండడుగులు వెనక్కేసింది. కత్తికీ కాగితానికీ మధ్య ఇప్పుడు ఒక్క పెన్సిల్ గీతంత సందు. 'వెంట్రుకవాసి' మీదకి మీట తిప్పబోతుండగా రంపపు పొట్టు ముక్కులోకెళ్లింది.

తుమ్మాడు. మామూలు తుమ్ము కాదు. కిటికీ రెక్కలు రెండూ తెరుచుకుని మూసుకున్నాయి. చేతిలో పెట్టె ఎగిరింది, చక్రం ఝుమ్మని తిరిగింది. కానీ ఆ ఊపుకి నల్ల బటన్ మీద వేలు జారిపోయింది. చక్రం ఎంత తిరిగినా కత్తి ఉన్నచోటే ఉంది. తీగకి వేలాడుతున్న పెట్టెని అంగుళం నెమ్మదిగా అందుకున్నాడు.

"తుమ్మితే నోరెత్తినట్టే!" అన్నాడు బావమరిది.

"తుమ్ము మాట కాదు" అంది టైలరమ్మ. "నువ్వు నోర్ముయ్."

'వెంట్రుకవాసి'. టిక్కు... టిక్కు... ఏడో టిక్కుకి లిఫ్టమ్మ కాగితం అంచు పట్టి లాగింది. వచ్చింది. ఎనిమిదో టిక్కు. వచ్చింది. తొమ్మిదో టిక్కు. కాగితం పట్టుకుంది. గుడ్డు గుడ్డులాగే ఉంది.

  గెలిచాననే సంగతి అంగుళం నోటికింకా చేరలేదు.

"గాలివాటం" అన్నాడు బావమరిది. "ఇలా ఇయ్యి." పెట్టె లాక్కుని, కత్తిని పైకి లేపి, మళ్లీ దింపాడు. ఏ గుర్తు మీద పెట్టాడో చూసుకోలేదు. ఒక్క టిక్కు తిప్పాడు. 'బాగా' మీదుంది. గుడ్డు సొన బావమరిది చొక్కా మీద, మీసం మీద, కాస్త పైకప్పు మీద పడింది. కాస్త అంటే టైలరమ్మ కాస్త.

అప్పుడు టైలరమ్మ స్టూలు మీంచి లేచింది.

"ఏదీ, ఇంకో గుడ్డు పెట్టండి."

ముప్పై ఏళ్లు సూదిలో దారం ఎక్కించిన చెయ్యి అది. కళ్లు చిట్లించలేదు, ఊపిరి బిగపట్టలేదు. మీట తడిమింది, చక్రం తిప్పింది, మీట మార్చింది, మళ్లీ తిప్పింది. టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. కాగితం పట్టుకుంది.

ఆవిడ పెట్టె వదల్లేదు. వేళ్లతో అటూ ఇటూ తిప్పుతూ, కత్తిని గుడ్డు చుట్టూ ప్రదక్షిణ చేయించింది. "ఏమండీ, ఇది గట్టి అట్టని కూడా కోస్తుందా?"

"కోస్తుంది. ఎందుకు?"

"భుజాల వంపు, చంకల వంపు... ఒక్కో సైజుకీ అట్ట ముక్కలు కత్తిరించి పెట్టుకోవాలి. కత్తెరతో చేసి చేసి బొటనవేలు చచ్చిపోయింది. ఇది చేసి పెడుతుందా?"

"ఎన్ని కావాలంటే అన్ని."

"అక్కా" అన్నాడు బావమరిది, మీసం మీది సొన తుడుచుకుంటూ, "మరి వ్యాను?"

"తాళ్లు తెచ్చావుగా. కంప్యూటర్‌ని ముందు గదిలోనే దించేసి, నా కత్తిరింపు బల్ల ఈ గదిలోకి మోసుకురా. గుమ్మంలో పట్టదు, కాళ్లు ఊడదియ్యి. మీ బావ సాయం పడతారు."

"మరి నా మిషనో?"

"నీ మిషనేంట్రా? నా మిషన్."

అంగుళం నోరు తెరిచాడు. ఆవిడ చూసింది. మూసేశాడు.

బల్ల మొయ్యడానికి సాయంత్రం దాకా పట్టింది. బల్ల లోపలికొచ్చాక టైలరమ్మ సుద్దముక్క తీసుకుని గోడ మీద గళ్లు గీసి, ఎవరు ఎప్పుడు మిషన్ వాడుకోవాలో రాసింది. సోమ, బుధ, గురు, శుక్ర, శనివారాలు అట్టలు. ఆదివారం శుభ్రం చెయ్యడం. అంగుళం చదువుకుంటూ కిందికొచ్చాడు.

"మంగళవారం రెండు నుంచి నాలుగు దాకానా? బాతులకి రెండు గంటలేనా?"

"ఎందుకు, చాలదా?"

"ఇంకాస్త ఇవ్వవే."

ఆవిడ సుద్దముక్క ఎత్తి, గోడ దగ్గర ఆగి, వెనక్కి తిరిగి చూసింది.

"ఎవరి కాస్త?"

అంగుళం తల గోక్కున్నాడు. తర్వాత, ఈ ముప్పై ఏళ్లలో ఎప్పుడూ అననంత మెత్తగా, "నీ కాస్తే" అన్నాడు.

ఆవిడ నాలుగు చెరిపి, ఎనిమిది రాసింది.